నేరం: చేసిన చెయ్యి, చేయించిన మనసు

(దళిత న్యాయ విద్యార్థులకూ, పల్లెల్లో పనిచేసే కార్యకర్తలకూ ఏర్పాటైన శిక్షణ తరగతిలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



'నేరానికి మూల సూత్రాలు' అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో కూర్చున్న పిల్లలకి ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న. వెనక కూర్చున్న పేటల పెద్దలకి ఇది కోర్టులో ఓడిపోయిన కేసు. ఈ రెండూ వేరు కాదని చెప్పటానికే వచ్చాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. నేను కొత్తగా జూనియర్‌గా చేరిన రోజులు. ఒక ఊళ్ళో కూలి బాకీ అడిగిన పాపానికి ఒక మాదిగ అన్నను ఆసామి నడివీధిలో చెప్పుతో కొట్టాడు. కులం పేరు పెట్టి తిట్టాడు. పదిమంది చూశారు. ఆ రాత్రి పేటకి వెళ్ళి ఫిర్యాదు నేనే రాశాను. 'కులం పేరుతో దూషించి కొట్టినాడు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఏ మాటన్నాడు, ఎక్కడ నిలబడి అన్నాడు, ఎవరెవరు విన్నారు, ఏదీ రాయలేదు. ఆ మాటల్ని కాగితం మీద పెట్టటానికి నాకే సిగ్గనిపించింది. ఏళ్ళు గడిచాక తీర్పు వచ్చింది. కొట్టటం రుజువైంది, జరిమానా వేశారు. అట్రాసిటీ సెక్షన్ మాత్రం నిలబడలేదు. ఇది కూలి డబ్బుల దగ్గర వచ్చిన తగాదా, కులం కారణంగా అవమానించాలనే ఉద్దేశం రుజువు కాలేదు అన్నారు.

ఆ అన్న కోర్టు మెట్లు దిగి నన్నడిగాడు: "ఏం సారూ, ఆడి చెయ్యి నా మీద పడ్డది జడ్జిగారికి కనపడింది. ఆడి మనసులో ఏముందో కనపడలేదా?"

నాకు జవాబు రాలేదు. ఇవాళ్టి పాఠం మొత్తం ఆ జవాబు కోసమే.

రెండు కాళ్ళు

నేరం రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. ఒకటి, చేసిన పని. రెండోది, ఆ పని చేసేటప్పుడు మనసులో ఉన్నది. వీటికి లాటిన్ పేర్లు యాక్టస్ రియస్, మెన్స్ రియా. పరీక్షలో అలాగే రాయండి. పేటలో చెప్పేటప్పుడు మాత్రం 'చేసిన చెయ్యి, చేయించిన మనసు' అనండి. మనసు దోషి కాకుండా చేసిన పని ఒక్కటే మనిషిని దోషిని చెయ్యదనేది పాత సూత్రం.

ఒకడు గొడ్డలితో పని చేస్తున్నాడు. గొడ్డలి తల ఊడి ఎగిరి, పక్కనున్న మనిషికి తగిలి ప్రాణం పోయింది. జాగ్రత్తగానే పని చేస్తున్నవాడైతే అది నేరం కాదు. ఈ ఉదాహరణ చట్టంలోనే ఉంది. అదే గొడ్డలిని అదే మనిషి తల మీద గురిచూసి దించితే అది హత్య. పోయిన ప్రాణం ఒకటే, గొడ్డలి ఒకటే. తేడా మనసులో ఉంది.

అలాగని మనసు ఒక్కటే ఉన్నా నేరం కాదు. 'వాణ్ణి చంపెయ్యాలి' అని అనుకున్నంత మాత్రాన శిక్ష లేదు. అనుకోవటం, సిద్ధపడటం, ప్రయత్నించటం, చేసెయ్యటం అని నాలుగు మెట్లు. సాధారణంగా మూడో మెట్టు నుంచే చట్టం పట్టుకుంటుంది. కుట్ర, దోపిడీకి సిద్ధపడటం లాంటి కొన్నిటిని మాత్రం ముందు మెట్టు మీదే పట్టుకుంటుంది.

చెయ్యకపోవటం కూడా ఒక పనే. చట్టం బాధ్యత పెట్టిన చోట ఊరికే కూర్చున్నవాడు నేరస్తుడే. అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ చూడండి. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ చట్టం కింద తన విధిని కావాలని చెయ్యకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. శాఖాపరమైన విచారణలో సిఫారసు వస్తేనే కేసు పెట్టాలనే మెలిక ఒకటి ఉంది. అయినా ఆ 'కావాలని' అన్న మాట గుర్తుపెట్టుకోండి. అదీ మనసు గురించిన మాటే.

ఇక్కడ ఒక సంగతి. 2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష వేసే 302 ఇప్పుడు 103 అయింది. ఉమ్మడి ఉద్దేశం 34 పోయి 3(5) అయింది. చట్టవిరుద్ధమైన గుంపు 149 పోయి 190 అయింది. ఆ తేదీకి ముందు జరిగిన వాటికి పాత కోడే. నెంబర్లు మారాయి గాని రెండు కాళ్ళ సూత్రం మారలేదు.

మనసుకీ మెట్లున్నాయి

మనసు అంటే అంతా ఒకటే కాదు. చట్టం దాన్ని మెట్లుమెట్లుగా చూస్తుంది. పైమెట్టు ఉద్దేశం: ఇది జరగాలని కోరి చెయ్యటం. దాని కింద ఎరుక: ఇది జరుగుతుందని తెలిసి కూడా చెయ్యటం. దాని కింద నిర్లక్ష్యం: తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోవటం. మెట్టు దిగేకొద్దీ శిక్ష తగ్గుతుంది. అందుకే ముద్దాయి లాయరు ఎప్పుడూ కిందిమెట్టుకి లాగుతాడు. మనం కాలు జారకుండా పైమెట్టు మీద నిలబడాలి.

మనవాళ్ళ చావుల్లోంచే ఉదాహరణ చెప్తాను. మురుగు గుంతలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపుతారు. ముసుగు లేదు, తాడు లేదు. లోపల విషవాయువు. ముగ్గురు దిగితే ముగ్గురూ శవాలై వస్తారు. కేసు ఏమని రాస్తారు? నిర్లక్ష్యం వల్ల చావు అని. పాత 304-ఏ, ఇప్పటి 106. నేను అడుగుతున్నాను: ఆ ట్యాంకులో వాయువు ఉంటుందని, దిగినవాడు చస్తాడని దింపినవాడికి తెలియదా? తెలియకపోతే తానెందుకు దిగలేదు? తన కొడుకునెందుకు దింపలేదు? చావు రావచ్చని తెలిసి చేసిన పని నిర్లక్ష్యం కాదు. అది ఎరుక. ఎరుక అని రుజువు చేస్తే అది శిక్షార్హమైన నరహత్య కిందికి వస్తుంది, శిక్ష బరువు పెరుగుతుంది. రక్షణ లేకుండా ఇలా దింపటాన్ని 2013 చట్టమే నేరమంది. 1993 నుంచి ఇలా పోయిన ప్రాణానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అంది. 2023లో ముప్పై లక్షలు చేసింది. డబ్బు వస్తే తీసుకోండి. కానీ కేసు ఏ మెట్టు మీద రాశారో చూడకుండా సంతకం పెట్టకండి.

ఉద్దేశాన్ని పని లోంచే చదవాలని సుప్రీంకోర్టు 1958లో విర్సా సింగ్ కేసులో చెప్పింది. ఒక్క బల్లెం పోటు, కడుపులో. మనిషి పోయాడు. 'చంపాలని పొడవలేదు' అన్నది వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఆ గాయం చెయ్యాలనే పొడిచాడా, ఆ గాయం మామూలుగా ప్రాణం తీసేంతదేనా, ఈ రెండూ రుజువైతే అది హత్యే అంది. అంటే మనసు లోతుల్లోకి దిగక్కర్లేదు. ఆయుధం ఏది, దెబ్బ ఎక్కడ, బలం ఎంత, ఇవే మనసుకు అద్దం.

మనసుతో పనిలేని నేరాలూ కొన్ని ఉన్నాయి. బొంబాయిలో ఆగిన విమానంలో 34 కిలోల బంగారం ఒంటికి కట్టుకుని పోతున్న విదేశీయుడు 'కొత్త నిబంధన నాకు తెలియదు' అన్నాడు. తెలిసినా తెలియకపోయినా నేరమే అని సుప్రీంకోర్టు 1964లో అంది. దేశపు బంగారం విషయంలో మనసు అడగని చట్టం, మన మానం విషయంలో అడుగుతోంది. ఎంతగా అడుగుతోందో చూద్దాం.

ఉద్దేశం వేరు, కారణం వేరు

లా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎందుకు చేశాడన్నది కారణం. ఏం చెయ్యాలని చేశాడన్నది ఉద్దేశం. బిడ్డ ఆకలి చూడలేక ఒకడు బియ్యం ఎత్తుకుపోయాడు. కారణం ఆకలి, ఉద్దేశం దొంగతనం. కారణం మంచిదైనంత మాత్రాన నేరం పోదు. కారణం తెలియనంత మాత్రాన కూడా నేరం పోదు. హత్య కేసులో కళ్ళతో చూసిన సాక్షి నిలబడితే కారణం రుజువు కాకపోయినా శిక్ష పడుతుంది.

కానీ 1989 అట్రాసిటీ చట్టంలో ఏమైందంటే, పెద్ద నేరాలకు సంబంధించిన 3(2)(5) సెక్షన్‌లో కారణాన్నే నేరంలో భాగం చేశారు. పదేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాన్ని బాధితుడు షెడ్యూల్డు కులం, తెగ మనిషి 'అనే కారణంగా' చేస్తే యావజ్జీవం అని రాశారు. ఆ రెండు మాటల్లో మన కేసులు ఎన్ని మునిగిపోయాయో!

అంతకు ముందు 1955 పౌరహక్కుల రక్షణ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద నేరమయ్యే పని షెడ్యూల్డు కులం మనిషి పట్ల చేస్తే, అది అంటరానితనం కారణంగానే చేసినట్టు కోర్టు అనుకోవాలి. కాదనేవాడే కాదని రుజువు చేసుకోవాలి. శిక్షలు పెంచిన 1989 చట్టంలోకి ఈ వాక్యం రాలేదు. కత్తి పెద్దదిచ్చి పిడి ఊడదీశారన్నమాట.

దాని ఫలితం చూడండి. 2006 సెప్టెంబరు 29న మహారాష్ట్ర భండారా జిల్లా ఖైర్లాంజీలో ఒక దళిత కుటుంబంలో తల్లినీ, కూతుర్నీ, ఇద్దరు కొడుకుల్నీ గుంపుగా వచ్చి చంపారు. 2008లో కింది కోర్టు ఆరుగురికి ఉరి, ఇద్దరికి యావజ్జీవం వేసింది. కానీ అట్రాసిటీ చట్టం వర్తించదంది. 2010లో హైకోర్టు ఉరిని పాతికేళ్ళ జైలుగా మార్చింది. అక్కడా అదే మాట: ఇవి కక్షతో చేసిన హత్యలే గాని కులం కారణంగా చేసినవి కావు. నేనడిగేది ఒక్కటే. ఆ కుటుంబం మీద అంత కక్ష పుట్టటానికి, ఊరు ఊరంతా ఏకం కావటానికి, ఎవరూ అడ్డుపడకపోవటానికి కులం కాక ఇంకేం కావాలి?

మన కారంచేడు సంగతే తీసుకోండి. 1985 జులై 17. ఈ చట్టం ఇంకా పుట్టలేదు. మాదిగలు తాగే నీళ్ళను గేదెలకు పెట్టిన కుడితి బకెట్టుతో పాడు చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డం చెప్పింది. మర్నాడు ఆరుగురి ప్రాణాలు పోయాయి. 'నీళ్ళ దగ్గర తగాదా' అని రాస్తే రాయొచ్చు. నీళ్ళ దగ్గర తగాదా ప్రతి ఊళ్ళో ఉంటుంది. దానికి ఆరు శవాలు లేస్తాయా? అడ్డం చెప్పింది ఎవరు అన్న దాంట్లోనే ఉంది అసలు సంగతి. భూమి, కూలి, నీళ్ళు, దారి, గుడి, ప్రేమ పెళ్ళి, వీటన్నిటినీ 'వేరే కారణం' అని పక్కన పెడితే ఇక కులానికి మిగిలేదేముంది? కులం గాలిలో ఉండదు. భూమి మీదే ఉంటుంది, నీళ్ళ దగ్గరే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పుట్టు గుడ్డి అయిన ఒక దళిత యువతి మీద 2011లో అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్‌లో తీర్పు. అత్యాచారానికి పడ్డ యావజ్జీవం నిలిచింది. అట్రాసిటీ సెక్షన్ కింద పడ్డ శిక్ష మాత్రం పోయింది. కులం, ఆడతనం, అంగవైకల్యం మూడూ కలిసి మనిషి మీద పడతాయని కోర్టే చెప్పింది. కానీ కులం కారణంగా చేశాడనటానికి ప్రాసిక్యూషన్ సాక్ష్యమే పెట్టలేదంది. పెట్టలేదన్న మాట వినండి. అడగాల్సింది ఎవరు? రాయాల్సింది ఎవరు?

చట్టం కొంత మారింది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. 'అనే కారణంగా' పోయి, ఎస్సీ ఎస్టీ అని 'తెలిసి' అన్న మాట వచ్చింది. ఇందాక చెప్పిన మెట్లలో ఇది ఒక మెట్టు దిగటం. కారణం రుజువు చెయ్యక్కర్లేదు, ఎరుక చాలు. దానికి తోడు 8వ సెక్షన్‌లో కొత్త ముక్క కలిపారు. ముద్దాయికి బాధితుడితోగాని, అతని కుటుంబంతోగాని పరిచయం ఉంటే కులం తెలిసినట్టే కోర్టు అనుకోవాలి. తెలియదని వాడే రుజువు చేసుకోవాలి. పేట ఒక పక్క, ఊరు ఒక పక్క ఉన్న పల్లెలో 'నాకు కులం తెలియదండీ' అని ఎవడు అనగలడు? అయినా పరిచయం ఉందన్న మాట కాగితం మీద ఉండాలి. అది మన పని.

జనం చూసేచోట

తిట్టిన కేసులకు రెండు ముక్కలున్నాయి. 3(1)(ఆర్): అవమానించాలనే ఉద్దేశంతో, కావాలని, జనం చూసేచోట అవమానించటం లేదా బెదిరించటం. ఇక్కడ మనసు రెండుసార్లు రుజువు కావాలి. 3(1)(ఎస్): జనం చూసేచోట కులం పేరుతో తిట్టటం. ఇందులో 'ఉద్దేశంతో' అన్న మాట రాయలేదు. ఫిర్యాదులో రెండిటికీ సరిపడా వివరం ఉండాలి.

జనం చూసేచోటు అంటే వీధే కానక్కర్లేదు. ఇంటి ఆవరణ అయినా బయటివాళ్ళకు కనపడుతుంటే చాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేకుండా అంటే ఈ సెక్షన్ రాదని 2020లో చెప్పింది. చుట్టాలు, స్నేహితులు మాత్రమే ఉంటే సరిపోదు. అందుకే బయటి సాక్షి పేరు ముఖ్యం. కిళ్ళీకొట్టు మనిషి, ఆటోవాడు, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ, ఎవరైనా సరే.

గుంపు మనసు

మనమీద దాడి ఒక్కడు చెయ్యడు. గుంపు వస్తుంది. కోర్టులో మాత్రం ఒక్కొక్కడూ 'నేను కొట్టలేదు, ఊరికే నిలబడ్డాను' అంటాడు. ఉమ్మడి ఉద్దేశం, గుంపు ఉమ్మడి లక్ష్యం అనే సూత్రాలు దీనికోసమే ఉన్నాయి. అందరి మనసూ ఒకటైతే ఒకడు చేసింది అందరూ చేసినట్టే. అట్రాసిటీ చట్టం 8(బి) ఇంకో అడుగు ముందుకేసింది. గుంపుగా ఈ చట్టం కింది నేరం చేసి, అది భూమి తగాదాకో మరో తగాదాకో కొనసాగింపు అని రుజువైతే, ఉమ్మడి ఉద్దేశంతోనే చేసినట్టు కోర్టు అనుకోవాలి.

మళ్ళీ చదవండి దాన్ని. 'భూమి తగాదా కాబట్టి అట్రాసిటీ కాదు' అని వాళ్ళ లాయరు అంటాడు. భూమి తగాదాలోంచి అట్రాసిటీ పుడుతుందని చట్టమే రాసుకుంది. పాత తగాదాని దాచకండి. అది మన బలహీనత అనుకుని చాలామంది దాస్తారు. తేదీలతో సహా రాయండి.

ఇక కాగితం పని

మనసును చదవటానికి ఏం కావాలో వరసగా చెప్తాను. కార్యకర్తలు రాసుకోండి.

ఒకటి. అన్న మాటలు అన్నట్టే రాయండి. సిగ్గు మనది కాదు, అన్నవాడిది. 'కులం పేరుతో దూషించి' అని రాస్తే చాలదు.

రెండు. ఎక్కడ నిలబడి అన్నాడు, ఎవరు చూశారు, ఎవరు విన్నారు, పేర్లతో రాయండి.

మూడు. ఆయుధం ఏది, ఎక్కడ కొట్టాడు, ఎన్ని దెబ్బలు, ఎవరు ఆపితే ఆగాడు.

నాలుగు. ముందు ఏం జరిగింది? కూలి అడగటం, పొలం దున్నటం, బెదిరింపు, పంచాయితీ, అన్నీ.

అయిదు. ముద్దాయికి మీరు ఎన్నాళ్ళుగా తెలుసు? ఆయన పొలంలో పనిచేశారా? పేట ఎక్కడుంది, మిమ్మల్ని ఏమని పిలుస్తాడు?

ఆరు. మీ కులం, ముద్దాయి కులం, రెండూ రాయండి. ముద్దాయి ఎస్సీ ఎస్టీ కాడన్నది కూడా ఈ నేరంలో ఒక భాగం. కుల ధ్రువీకరణ పత్రం లేక పోయిన కేసులున్నాయి.

మీరు నోటితో చెప్తే స్టేషన్‌లో రాసింది మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. ఇవి 4వ సెక్షన్‌లో రాసి ఉన్న విధులు. 'ముందు ఎంక్వయిరీ చేసి చూస్తాం' అంటే, ఎఫ్.ఐ.ఆర్.కు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18-ఏ చెప్తోందనండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నాడు. 'తాగి ఉన్నాడు, వదిలెయ్యండి' అని రాజీకి వస్తే, తన ఇష్టంతో తాగినవాడికి చట్టంలో మినహాయింపు లేదని చెప్పండి.

చివరగా ఒక హెచ్చరిక. జరగని మాట ఒక్కటి కూడా కలపకండి. ఒక అబద్ధం పది నిజాల్ని మింగేస్తుంది. ఇంకో మాట కూడా ఆలోచించండి. 'మనసు రుజువు కావాలి' అన్న సూత్రం మీద మనకు కోపం రావటం సహజం. కానీ ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఎవర్ని పట్టుకెళ్తారు? ఉద్యమం చేస్తే హత్యాయత్నం కేసు ఎవరి మీద పెడతారు? అప్పుడు మన కుర్రాణ్ణి కాపాడేది ఈ సూత్రమే. మనసు అడగకుండా శిక్ష వేసే రాజ్యం ముందు మన మెడకే ఉరి వేస్తుంది. కాబట్టి మనం కోరేది సూత్రం పోవాలని కాదు. అది మన గాయాన్ని కూడా సరిగ్గా చదవాలని.

ఆ అన్న అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్తాను. అన్నా, వాడి మనసు కోర్టుకు దానంతటది కనపడదు. కనపడేట్టు రాయాలి. ఆ రోజు నేను రాయలేదు. ఇక్కడ కూర్చున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ రేపు నల్లకోటు వేసుకుని పేటకి వెళ్తారు. వాళ్ళ చెయ్యి సిగ్గుపడి ఆగకూడదు.

జై భీమ్!